చిరునామా మారినా చోటు మారదు: వ్యాపార డేటాబేస్‌లో పటాల సదుపాయం

తమిళనాడు సరిహద్దులోని హోసూరు 1965 వరకు సేలం జిల్లాలోను, ఆ తరువాత ధర్మపురి జిల్లాలోను ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరినది. తెలుగువారు హోసూరు అని వ్రాస్తే తమిళులు ఓసూర్ అని వ్రాస్తారు. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. పేర్లను, జిల్లాలను మాత్రమే నమ్ముకొని పద్దులు నడిపే వ్యాపారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకే ఊరు కంప్యూటర్ లెక్కల్లో రెండు మూడు ఊళ్లుగా కనిపిస్తుంది. పాత జిల్లా పేరుతో నమోదైన రైతు కొత్త జాబితాకు ఎక్కడు. అతనికి చేరవలసిన సరుకు గాని, సొమ్ము గాని ఆగిపోతుంది. పేరుతో పాటు చోటును కూడా డేటాబేస్‌లో భద్రపరచడం ఈ చిక్కుకు ఒక పరిష్కారం.

స్థల సమాచారం అంటే ఏమిటి?

నేటి వ్యాపార డేటాబేస్‌లలో అత్యధికం 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన పట్టికల పద్ధతిపై నడుస్తున్నవి. ఒక్కొక్క ఖాతాదారుకు ఒక వరుస. పేరు, తేదీ, మొత్తం వంటి వాటికి ఒక్కొక్క నిలువు గడి. అక్షాంశ రేఖాంశాలను రెండు అంకెలుగా ఈ గడులలో వ్రాసుకోవచ్చు. అయితే "పాల కేంద్రానికి 5 కిలోమీటర్ల లోపల ఉన్న రైతులెవరు?", "ఈ కాలువ ఏయే పొలాల గుండా పోతుంది?" అన్న ప్రశ్నలకు ఉత్త అంకెలు సులభంగా జవాబివ్వవు.

అందుకోసం డేటాబేస్‌కు కొత్త రకాల గడులు చేర్చబడినవి. బావి ఒక బిందువు, కాలువ ఒక గీత, పొలం ఒక బహుభుజి. దూరం, వైశాల్యం, ఒకటి మరొకదాని లోపల ఉన్నదా, రెండూ ఒకదానినొకటి ఖండించుకొంటున్నవా అనే ప్రశ్నలను డేటాబేసే లెక్కిస్తుంది. వీటికి ఉమ్మడి ప్రమాణాలను 1994లో ఏర్పడిన ఓపెన్ జీఐఎస్ కన్సార్షియం రూపొందించినది.

కెనడాలోని విక్టోరియా నగరానికి చెందిన రిఫ్రాక్షన్స్ రీసెర్చ్ సంస్థ 2001లో పోస్ట్‌జీఐఎస్‌ను విడుదల చేసినది. ఇది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు తగిలించుకొనే అనుబంధం, ఉచితంగా లభిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 కూర్పులో ఈ సదుపాయం రెండు రకాలుగా ప్రవేశించినది: చదునైన కాగితంపై లెక్కించే జామెట్రీ, గుండ్రని భూమిపై లెక్కించే జాగ్రఫీ. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 కూర్పు నుంచి గుండ్రని భూమి లెక్కను అలవరచుకొన్నది.

వెతుకులాట ఎలా సాగుతుంది?

పేర్లను అకారాది క్రమంలో పేర్చవచ్చు. భూమిమీది చోట్లను అట్లా ఒకే వరుసలో పేర్చడం కష్టం. 1984లో ఆంటోనిన్ గట్మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీ అనే సూచిక ఇందుకు ఒక ఉపాయం. ప్రతి ఆకారం చుట్టూ ఒక దీర్ఘచతురస్రం గీస్తారు. దగ్గర దగ్గరగా ఉన్న చతురస్రాలను పెద్ద చతురస్రంలోను, వాటిని ఇంకా పెద్దదానిలోను ఇమిడిస్తారు. పొలం కోసం వెతికేవాడు ముందు తాలూకా, తరువాత గ్రామం, ఆపైన సర్వే నంబరు చూసినట్లే కంప్యూటర్ కూడా పెద్ద పెట్టె నుంచి చిన్న పెట్టెకు దిగుతుంది. మిగిలిన కొద్ది ఆకారాలకే అసలు కొలత వేస్తుంది. పోస్ట్‌జీఐఎస్ ఈ దారినే నడుస్తుంది.

పొరపాట్లు జరిగే మూడు చోట్లు

మొదటిది వరుస. హోసూరు సుమారు 12.74 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.83 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉన్నది. పోస్ట్‌జీఐఎస్‌లో రేఖాంశం ముందు వ్రాయాలి. తారుమారైతే హోసూరు ఖాతాదారు ఉత్తర ధ్రువం వైపు, స్వాల్బార్డ్ దీవుల పడమటి సముద్రంలో తేలుతాడు. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇదే కొలమానానికి అక్షాంశమే ముందు రావాలి. కనుక ఒక డేటాబేస్ నుంచి మరొకదానికి మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

రెండవది కొలత. డిగ్రీ అనేది మీటరు కాదు. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ వద్ద సుమారు 111 కిలోమీటర్లు. 60వ అక్షాంశం వద్ద అందులో సగమే. డిగ్రీలలో లెక్కించిన పొలం వైశాల్యానికి అర్థం లేదు.

మూడవది పటానికి ఆధారమైన భూమి ఆకారం. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు 1830 నాటి ఎవరెస్ట్ కొలతలపై గీయబడినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. 2005 జాతీయ పటాల విధానం ప్రజలకిచ్చే పటాలకు దీనినే స్వీకరించినది. రెండింటినీ సరిచేయకుండా కలిపితే దక్షిణ భారతంలో ఒక చోటు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. అందువలన ప్రతి బిందువుతో పాటు దాని కొలమానం సంఖ్యను కూడా నమోదు చేయాలి. డబ్ల్యూజీఎస్ 84 అక్షాంశ రేఖాంశాలకు ఆ సంఖ్య 4326.

ఆరంభించే విధానం

పాల సేకరణ కేంద్రమైనా, ఎరువుల దుకాణమైనా ఉన్న చిరునామాలను చెరపనక్కరలేదు. పట్టికలో బిందువుకు ఒక కొత్త గడి చేర్చి, దానికి సూచిక కట్టాలి. ఊరి పేర్లకు వేరే పట్టిక పెట్టి తెలుగు, తమిళ, కన్నడ రూపాలన్నిటినీ ఒకే ఊరి సంఖ్యకు జతచేయాలి. జిల్లాల హద్దులను బహుభుజులుగా ఉంచితే, జిల్లా మారిన రోజున హద్దు పటం ఒక్కటి మారిస్తే చాలు. వేల చిరునామాలను చేతితో దిద్దే పని తప్పుతుంది.

పటం హక్కుపత్రం కాదు

సెల్‌ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు తప్పవచ్చు. మూడు సెంట్ల స్థలం చదరంగా ఉంటే ఒక్కొక్క పక్క 11 మీటర్లు మాత్రమే. ఆ తప్పు పక్కలో సగానికి దగ్గరగా వస్తుంది. పాల బండి దారి వేయడానికి ఇంతటి కొలత చాలును. గట్టు తగాదా తీర్చడానికి చాలదు. అక్కడ సర్వేయరు కొలత, హద్దురాయి, రెవెన్యూ దస్తావేజే ప్రమాణం. తెరమీది గీతను చూపి ఎవరైనా హద్దు జరపమని కోరితే ఈ తేడా గుర్తుంచుకోవడం క్షేమకరం.