కడిగితే అంతా నలుపే

2001 అక్టోబరు 21, ఆదివారం తెల్లవారుజాము. వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీల్యాండ్ నుంచి ఎమర్జెన్సీ నంబరుకు ఫోను మోగింది. ఊపిరాడటం లేదు, ఆంథ్రాక్స్ సోకిందని నా అనుమానం అంటున్నారు థామస్ మోరిస్. బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం ఉద్యోగి. తోటి ఉద్యోగి ఒకరు పట్టుకున్న కవరులో పొడి కనిపించిందని నిదానంగా, వివరంగా చెప్పారు. కాసేపటికే ప్రాణం పోయింది. మర్నాడు అక్కడే పనిచేసే జోసెఫ్ కర్సీన్ కన్నుమూశారు.

సెనేటర్ టామ్ డాషెల్ ఆఫీసులో 15న విప్పిన ఆంథ్రాక్స్ పొడి ఉత్తరం వాళ్ల కేంద్రం మీదుగానే వెళ్లింది. సార్టింగ్ యంత్రాల ఒత్తిడికి కవరులోని పొడి గాల్లోకి లేచింది. సెనేట్ సిబ్బందికి వెంటనే మందులిచ్చారు. ఉత్తరాలు మోసినవాళ్లకు 21 దాకా ఇవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

బ్రెంట్‌వుడ్‌కు తాళం పడింది. లోపల చిక్కుకున్న టపాను మూటగట్టి, లారీలకెక్కించి ఒహాయో రాష్ట్రంలోని లైమాకు తోలారు. అక్కడ బెల్టు మీద సాగే ఉత్తరాలను ఎలక్ట్రాన్ కిరణాలతో శుద్ధి చేశారు. బయటికొచ్చిన కాగితం పసుపు తిరిగి, ముట్టుకుంటే అప్పడంలా విరిగేది.

ఆ దారిన వెళ్లిన కడగని ఫొటో రీలుకు ఇక ఆశ లేదు. ఎయిర్‌పోర్టులో చేతిసంచీని చూసే ఎక్స్‌రే మోతాదు ఒక గ్రేలో (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం) వెయ్యోవంతు కూడా ఉండదు. ఇక్కడ పదుల వేల గ్రేలు! ఫిల్ము మీది వెండి రేణువుల్లో ఒక్కటీ మిగలకుండా వెలుగు సోకినట్టే అవుతుంది. పెళ్లి ఫొటో అయినా, ప్రయోగశాల రికార్డయినా కడిగితే అంతా నలుపే. సీసం సంచీలో పెట్టినా లాభం లేదు. ఎలక్ట్రాన్లు సీసాన్ని తాకితే అక్కడే ఎక్స్ కిరణాలు పుడతాయి.

ఎయిర్‌పోర్టు యంత్రాలకు జడిసి రీళ్లను పోస్టులో వేసే ఫొటోగ్రాఫర్లు ఉండేవారు. వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లే టపాను ఆ తర్వాత కూడా ఇలాగే కిరణాలతో శుద్ధి చేయసాగారు కాబట్టి, అక్కడికి ఆ దారి మూసుకుపోయింది. రెండు ప్రాణాలు పోయాక పెట్టిన కట్టడిని నేను తప్పుపట్టను. రీలును కాపాడుకునే భారం మాత్రం పంపేవాడిదే. దగ్గర్లో కడిగించాలి, లేదా మనిషి చేతికిచ్చి పంపాలి. విమానమెక్కితే చెకిన్ పెట్టెలో అస్సలు పెట్టకూడదు. ఇప్పుడు చేతిసంచీలకూ సీటీ స్కానర్లు వచ్చాయి, ఒక్కసారికే ఫిల్ము మసకబారవచ్చు. రీళ్లను పారదర్శకమైన సంచీలో వేసి, చేత్తో తనిఖీ చేయమని ముందే అడగాలి.