గోధుమల సొమ్ముతో షికాగో చేరిన తెలుగు పుస్తకాలు

అరవైలలో బడికెళ్లిన తెలుగువాళ్లకు పి.ఎల్. 480 అనగానే అమెరికా గోధుమలు, పాలపొడి గుర్తుకొస్తాయి. ఆ చట్టం పుణ్యమా అని వేలాది తెలుగు పుస్తకాలు సముద్రం దాటి షికాగో విశ్వవిద్యాలయం లాంటి చోట్లకు చేరాయన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

1954లో వచ్చిన ఆ అమెరికా చట్టం కింద భారతదేశం గోధుమల ఖరీదును రూపాయల్లోనే చెల్లించింది. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే గుట్టలుగా పేరుకున్నాయి. 1974లో అందులో పెద్ద భాగాన్ని వదులుకుంటూ అమెరికా రాయబారి మొయినిహాన్ మన ప్రభుత్వానికి అందించిన చెక్కు ఒక్కటే 1,664 కోట్ల రూపాయలది! అంతకుముందే, 1958లో, డింగెల్ అనే అమెరికా కాంగ్రెస్ సభ్యుడి చొరవతో చట్టానికి ఒక సవరణ జరిగింది. ఆ సొమ్ములో కొంత పెట్టి పుస్తకాలు కొనవచ్చన్నది దాని సారాంశం.

ఆ సవరణ ఆసరాతో 1962లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. పుస్తక వ్యాపారులు కొత్తగా అచ్చయినవి పంపేవారు. ఆయా భాషలు తెలిసిన మన ఉద్యోగులే వాటిని పరిశీలించి, కావలసినన్ని ప్రతులు తెప్పించి, వివరాలు ‘యాక్సెషన్స్ లిస్ట్: ఇండియా’లో నమోదు చేసేవారు. షికాగో, బర్క్‌లీ, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ వంటి విశ్వవిద్యాలయాలకు పార్సెళ్లు వెళ్లేవి. ఆ రోజుల్లో అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లు ఎందరని? తెలుగు సాహిత్య విమర్శకుడు వేల్చేరు నారాయణరావు విస్కాన్సిన్‌లో పాఠాలు మొదలుపెట్టిందే 1971లో. పాఠకుడి కోసం ఎదురుచూడకుండా పుస్తకాన్ని ముందే తెచ్చి దాచడం ఈ పథకంలోని గొప్పతనం. ఏ పుస్తకం రేపు ఎవరికి అక్కరకొస్తుందో ఈరోజే తేల్చగలవాళ్లెవరు?

ఆ విశ్వవిద్యాలయాల గ్రంథాలయ కేటలాగుల్లో తెలుగు పేర్లను రోమన్ లిపిలో, దీర్ఘాలకు అక్షరం మీద గీతలు పెట్టి రాస్తారు. నారాయణరావుగారి పుస్తకాల కోసం వెతికితే ముందు ‘నారాయణరావు’ అని, కామా పెట్టి ‘వేల్చేరు’ అని, ఆ పక్కన 1932 అని పుట్టిన ఏడాది కనిపిస్తాయి. ఒకే పేరున్న ఇద్దరు రచయితలు కలిసిపోకుండా ఇంత జాగ్రత్త.

షికాగో విశ్వవిద్యాలయంలో ఈ పుస్తకాలకు నెలవైన రీగెన్‌స్టైన్ గ్రంథాలయం 1970లో తెరుచుకుంది. దాని పక్కనే 2011లో గాజు గుమ్మటం కింద మాన్సుయెటో గ్రంథాలయం వెలిసింది. భూగర్భంలో 35 లక్షల సంపుటాలు పట్టే గిడ్డంగి అది. పుస్తకాలను విషయాన్ని బట్టి కాక సైజును బట్టి పెట్టెల్లో సర్దుతారు. పాఠకుడు అడిగితే యంత్రం ఆ పెట్టెను వెతికి పైకి తెస్తుంది.

ఎనభైలలో గోధుమల రూపాయలు అయిపోయాయి. అయినా ఆ విశ్వవిద్యాలయాలు కొనుగోళ్లు ఆపకుండా సొంత డబ్బు వెచ్చించాయి.

మరి మన సంగతి? అదే 1954లో మన పార్లమెంటు కూడా ఒక చట్టం చేసింది. ప్రచురణకర్తలు ప్రతి కొత్త పుస్తకాన్నీ నిర్ణీత గ్రంథాలయాలకు ఉచితంగా పంపాలంటుంది అది. ఆ గ్రంథాలయాలు కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. హైదరాబాదులో లేదు, విజయవాడలో లేదు. తెలుగులో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి తెలుగు నేల మీద భద్రంగా ఉండేలా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఇకనైనా ఏర్పాటు చేయాలి.