లింఫోమా చికిత్స నడచిన దారి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో బిళ్ళగన్నేరు మొక్కను ఎరుగనివారుండరు. ఇది మడగాస్కర్ దీవినుండి ప్రపంచమంతటా వ్యాపించినది. లింఫోమా అనే కాన్సరు చికిత్సను మార్చివేసిన మందులు దీని ఆకులనుండి లభించినవి.

శరీరంలో రక్తనాళాలతోపాటు శోషరసం ప్రవహించే సన్నని నాళాలు కూడా ఉన్నవి. ఈ నాళాల మార్గంలో మెడ, చంక, గజ్జ మొదలైనచోట్ల చిక్కుడు గింజలవంటి గ్రంథులున్నవి. రోగక్రిములతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్ల కణాలకు ఇవి స్థావరాలు. ఈ కణాలు అదుపుతప్పి పెరిగినప్పుడు కలిగే వ్యాధియే లింఫోమా. దీనిలో అనేక రకాలు కలవు.

1832లో లండన్ వైద్యులు థామస్ హాడ్జ్‌కిన్ ఏడుగురు రోగులలో కనిపించిన గ్రంథుల వాపును వర్ణించినారు. 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ వ్యాధికి హాడ్జ్‌కిన్ పేరే పెట్టినారు. పేరు దొరికినది గాని మందు దొరకలేదు. 20వ శతాబ్దారంభంలో ఎక్స్-కిరణాలతో గడ్డలను కరిగించగలిగినారు. కాని ఒళ్ళంతా వ్యాపించిన వ్యాధికి అవి చాలలేదు. రక్తంద్వారా అంతటా చేరగల మందు కావలసి వచ్చినది.

అట్టి మందు విషవాయువుల పరిశోధనలో లభించినది. మస్టర్డ్ వాయువు తెల్ల కణాలను నశింపజేయునని గ్రహించి, 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆ జాతికే చెందిన నైట్రోజన్ మస్టర్డ్‌ను ఒక లింఫోమా రోగికి ఇచ్చినారు. గడ్డలు కరిగినవి, కొద్దికాలానికే మరల పెరిగినవి. యుద్ధరహస్యమగుటచే ఈ ఫలితం 1946 వరకు వెలువడలేదు.

రెండవ మార్గం చూపినవారిలో ఒక ఆంధ్రుడున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో పనిచేసినారు. కణాలు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసినది. 1948లో సిడ్నీ ఫార్బర్ ఆ మందుతో రక్తకాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు ప్రకటించినారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను మెదడులో పుట్టే లింఫోమాకు నేటికీ వాడుతున్నారు.

ఇక బిళ్ళగన్నేరు. దాని ఆకులు మధుమేహానికి పనిచేయునేమోనని కెనడాలో నోబుల్, బీర్ అనువారు పరీక్షించినారు. చక్కెర తగ్గలేదు, ప్రయోగ జంతువులలో తెల్ల కణాలు తగ్గినవి! ఆ సూచనను అనుసరించి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వెల్లడించినారు. తరువాత అదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ లభించినది.

ఒక్కొక్క మందుకు లొంగని కణాలు కొన్ని మిగిలిపోవుచుండెను. అందుచేత 1964లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థలో నాలుగు మందులను కలిపి ఇవ్వసాగినారు. వాటిలో నైట్రోజన్ మస్టర్డ్, విన్‌క్రిస్టిన్ రెండూ ఉన్నవి. ముదిరిన హాడ్జ్‌కిన్ వ్యాధిగ్రస్తులలో సుమారు సగంమంది దీర్ఘకాలం వ్యాధిలేకుండా జీవించినారు.

అయితే ఈ మందులు ఆరోగ్యకరమైన కణాలనూ దెబ్బతీయును. శత్రువును గుర్తుపట్టి కొట్టగల మందు 1997లో అమెరికాలో అనుమతి పొందినది. అది రిటుక్సిమాబ్. బి-లింఫోసైట్లపై ఉండే ఒక ప్రోటీనును అది పట్టుకొనును. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ దీనికి సమానమైన మందును విడుదల చేసినది. రోగి టి-కణాలనే బయటకు తీసి, జన్యుమార్పుచేసి తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స మరింత క్రొత్తది. ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కృషివలన రూపొందిన అట్టి చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతి లభించినది.

ఇంత విజ్ఞానమూ రోగి సకాలంలో వచ్చినప్పుడే ఫలించును. ఈ గడ్డ తరచు నొప్పి పెట్టదు, అందుచేత ఉపేక్షింపబడును. క్షయ గడ్డగా పొరబడుటయు కలదు. ముక్క తీసి పరీక్షించినగాని నిశ్చయం కాదు. చికిత్సయు ఒకనాటితో ముగియదు. సాధారణంగా వాడే ఒక పద్ధతిలో 21 రోజులకొకసారి చొప్పున ఆరు విడతలు మందులెక్కించవలెను. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికి సూర్యాపేట ప్రాంతపు కూలీ వెళ్ళవలెనన్న, ఆ నాలుగు నెలల ప్రయాణమూ, పోయే కూలీయే పెద్ద అడ్డంకులు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదల చికిత్స ఖర్చును భరించుచున్నది. తోడువెళ్ళే మనిషి, పుష్టికరమైన ఆహారం, విడతల నడుమ జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చే జాగ్రత్త — ఇవి ఇంటివారు, ఇరుగుపొరుగువారు సమకూర్చవలసినవి. విడత తప్పకుండ రోగిని నిలబెట్టుట కూడ చికిత్సలో భాగమే.