వచ్చిందండీ... పోయిందండీ!

మొన్న వేసవిలో అమ్మావాళ్ళింటికి వెళ్ళాను. పాత సామాన్లవాడు డాబా మీంచి దించిన సరుకులో మా పాత టీవీ యాంటెన్నా కనిపించింది. సగం కడ్డీలు వంగిపోయి, ఒకటి రెండు ఊడిపోయి, తిని పారేసిన చేపముల్లులా ఉంది పాపం. దాని గొట్టానికే ఇన్నేళ్ళూ అమ్మ బట్టలారేసే తీగ కట్టుకుంది.

"అల్యూమినియమేనమ్మా, తూకానికి తీసుకుంటా" అన్నాడతను.

నాకెందుకో మనసొప్పలేదు. దాన్ని గోడకి చేరేయించాను. "ఎందుకే ఆ ముళ్ళకంప? పిల్లలకి గుచ్చుకుంటుంది" అని అమ్మ విసుక్కుంది.

ఆ ముళ్ళకంప పుట్టింది జపానులో. సెందాయ్ ఊళ్ళోని తోహోకు ఇంపీరియల్ యూనివర్సిటీలో హిదెత్సుగు యాగీ అనే ప్రొఫెసరుగారి దగ్గర షింతారో ఉదా అనే కుర్రాయన పనిచేసేవాడు. ఒక కడ్డీ వెనకాల కాస్త పొడుగు కడ్డీ, ముందర కాస్త పొట్టి కడ్డీలు వరసగా నిలబెడితే, ఏ తీగా కలపకుండానే రేడియో తరంగం ఒకే దిక్కుకి సర్దుకుంటుందని కొలిచి చూపించినవాడు ఆయనే. తీగ తగిలించేది మధ్యనున్న ఒక్కదానికే. ముందున్న పొట్టివి పెళ్ళివారికి ఎదురెళ్ళి తీసుకొచ్చేవాళ్ళలాంటివి. వెనకున్న పొడుగుది, వచ్చినవాళ్ళు దాటిపోకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడే పెద్దదిక్కు. ఇదంతా 1926 నాటి మాట.

ఉదా తన వ్యాసాలు ఎక్కువగా జపాను భాషలో రాసుకున్నాడు. 1928లో ప్రొఫెసరుగారు ఇంగ్లీషులో ఒక వ్యాసం అమెరికాలో అచ్చువేయించారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పని చేసింది ఉదాయేనని అందులో ఆయన రాశారు కూడా. కానీ పేటెంటు మాత్రం యాగీ పేరు మీదే ఉంది. లోకం అంతా దానికి 'యాగీ' అనే పేరు పెట్టేసింది. చాకిరీ ఒకరిదీ పేరొకరిదీ అయితే ఎలా ఉంటుందో మన ఆడవాళ్ళకి విడమరచి చెప్పాలా!

చిత్రమేమిటంటే సొంత దేశంలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాను చేతికి చిక్కినప్పుడు, ఒక బ్రిటిష్ రాడార్ ఉద్యోగి నోటుపుస్తకం దొరికిందట. అందులో పదేపదే 'యాగీ' అని ఉంది. అదేమిటో జపాను ఇంజనీర్లకి అంతుబట్టలేదు. చివరికి ఆ ఖైదీనే అడిగితే, "అది మీవాడి పేరేగా!" అని అతను తెల్లబోయాడట.

ఇంకో సంగతి చదివి నేనూ తెల్లబోయాను. ఆ ఉదాగారు 1955 నుంచి 1958 దాకా యునెస్కో తరఫున మన ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేశారు. ఆయన వెళ్ళిపోయిన మరుసటేడే, 1959 సెప్టెంబరు 15న, అదే ఢిల్లీలో మన దేశపు మొదటి టీవీ ప్రసారం మొదలైంది. ఇళ్ళ మీద ఆయన కడ్డీలు లేచాయి.

మన వైపు టీవీ మాత్రం ముందు పల్లెకే వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని అరువు తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు పంపారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అక్కడ పెట్టింది కడ్డీలు కాదు, కోళ్ళగూటికి కట్టే జల్లెడ వలలాంటిదానితో చేసిన పెద్ద గొడుగు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లోగానీ రాలేదు. తరవాత 1984లో దేశమంతా చిన్న చిన్న రిలే టవర్లు గబగబా లేచాయి. అవి నూరు వాట్లవి. అంటే మన ఇంట్లో పాతకాలం గుండుబల్బు ఒక్కటి తినేంత కరెంటు! పాతిక కిలోమీటర్లు దాటితే బొమ్మ అందడం దైవాధీనం. మా ఊరేమో ముప్పై కిలోమీటర్లు.

1988లో నాన్నగారు ఇరవై అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నారు. ఆ అక్టోబరులో మహాభారతం మొదలైంది. మా ఇంట్లో కురుక్షేత్రమూ ఆ ఆదివారమే మొదలైంది. నాన్నగారు డాబా మీద గొట్టం పట్టుకుని, నేను టీవీ ముందు, అమ్మ మా ఇద్దరి మధ్య కిటికీ దగ్గర. నేను "వచ్చింది" అంటే అమ్మ తల బయటపెట్టి "వచ్చిందండీ!" అని అరిచేది. ఆ కబురు పైకి చేరేలోపల నాన్నగారు ఇంకో జానెడు తిప్పేసేవారు. "పోయిందండీ!"

మా బొమ్మకి రెండు జబ్బులుండేవి. ఒకటి దయ్యం. ప్రతి మనిషి పక్కనా, కుడివైపు, ఇంకో పలచటి మనిషి. అర్జునుడికి ఇద్దరు కృష్ణులన్నమాట. అది రైసుమిల్లు రేకుల గోడౌను చేసిన పని. తరంగం సూటిగా ఒకసారి వస్తుంది, రేకులకి కొట్టుకుని కాస్త ఆలస్యంగా ఇంకోసారి వస్తుంది. మూడువందల మీటర్లు చుట్టుతిరిగి వస్తే సెకనులో పదిలక్షలో వంతు ఆలస్యం. మా టీవీ మీద అది సుమారు 8 మిల్లీమీటర్ల ఎడం. అంటే దయ్యం ఎంత దూరంలో నిలబడిందో స్కేలు పెట్టి కొలిస్తే, తరంగం ఎంత చుట్టు తిరిగొచ్చిందో లెక్క కట్టేయొచ్చు! దీనికి మందు, యాంటెన్నాని టవరుకి సూటిగా కాకుండా గోడౌనుకి కాస్త పెడగా తిప్పడం. బొమ్మ కొంచెం పలచబడుతుంది గానీ కృష్ణుడు ఒక్కడే అవుతాడు. అది నాన్నగారికి మూడు వారాల్లో పట్టుబడింది.

రెండో జబ్బు చుక్కలు. ఇది చాలా ఏడిపించింది. గొట్టం ఎత్తు పెంచారు. బూస్టరు కొన్నారు. బూస్టరు బొమ్మని ఎంత పెంచుతుందో చుక్కల్నీ అంతే పెంచుతుందని అప్పుడెవరూ చెప్పలేదు. ఉన్నట్టుండి బొమ్మ వచ్చేది, నాలుగు నిమిషాలు నిలిచేది, మళ్ళీ ఇసక జల్లినట్టు అయిపోయేది. నెలలు గడిచాయి. పాండవులు అడవులకి కూడా వెళ్ళిపోయారు.

ఒక మంగళవారం అమ్మ బట్టలారేయడానికి డాబా ఎక్కింది. గాలికి చీర ఊగినప్పుడల్లా యాంటెన్నా నుంచి దిగే చదును తీగ పిట్టగోడ అంచుకి రాసుకుంటోంది. ఆ తీగలో రెండు పాయలుంటాయి కదా, అంచు దగ్గర తొడుగు అరిగిపోయి ఒక పాయ తెగిపోయింది. గాలి లేనప్పుడు కొసలు తాకుతున్నాయి, గాలొస్తే విడిపోతున్నాయి. అదీ సంగతి. అమ్మ సాయంత్రం నాన్నగారికి చూపించింది. ఆయన కొసలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, అంచు కింద గుడ్డపీలిక పెట్టారు. ఐదు నిమిషాల పని.

ఆ ఆదివారం బొమ్మ అద్దంలా వచ్చింది. వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. "మాస్టారు భలే పట్టేశారండీ!" అన్నారందరూ. నాన్నగారు మీసం సవరించుకున్నారు. అమ్మ ఆ మాట వినలేదు, వచ్చినవాళ్ళకి కాఫీ కలుపుతోంది.

తరవాత కేబుల్ వచ్చింది, డిష్ వచ్చింది, మా కడ్డీలు బట్టల తీగ పాలయ్యాయి. ఆ రిలే టవర్లు కూడా 2022 నాటికి దాదాపు అన్నీ మూతపడ్డాయి.

2020లో లాక్‌డౌన్‌కి నేను అమ్మావాళ్ళింట్లోనే చిక్కుకుపోయాను. దూరదర్శన్ మళ్ళీ మహాభారతం వేసింది. "అప్పుడు భీష్ముడు అంపశయ్య మీద పడ్డాడని విన్నాను గానీ చూళ్ళేదు. ఇప్పుడన్నా చూడనీ" అంటూ అమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది. సరిగ్గా ఆ రోజే ఈదురుగాలి లేచి, డిష్‌కి ఏమైందో, బొమ్మ కదలకుండా నిలిచిపోయింది.

అమ్మ చటుక్కున లేచి కిటికీలోంచి తల బయటపెట్టి, "పోయిందండీ!" అని అరిచింది.

"నేనిక్కడే ఉన్నానే" అన్నారు నాన్నగారు, పక్క కుర్చీలోంచి.