మనవారిని మనము ఎరుగుదుమా?

సంఘస్థులను గూర్చి తమకు తెలియనిదేమున్నదని గురువులు అనుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి. పి. వై. లూక్ గారు అట్లు అనుకొనలేదు. ఈ తెలుగు గురువు జాన్ బి. కార్మన్ గారితో కలిసి, మెదక్ అధ్యక్ష మండలములోని వడియారము పాస్టరేటు గ్రామ సంఘములను పరిశీలించిరి. వారి గ్రంథము 'విలేజ్ క్రిస్టియన్స్ అండ్ హిందూ కల్చర్' 1968లో వెలువడినది. మాల, మాదిగలలోనుండి వచ్చిన విశ్వాసులు ప్రభువును ఆరాధించుచునే గ్రామదేవతల కొలుపులలోను పాలుపొందుచుండిరని వారు దాచక వ్రాసిరి.

వేదాంత కళాశాలలో దానిని చదివిననాడు మాకు కోపము వచ్చినది. పిదప పల్లె సంఘమునకు వచ్చి ఒక వృద్ధురాలిని, "అవ్వా, బోనాలకు పోతవా?" అని అడిగితిమి. "పోను అయ్యగారూ" అన్నది. మరుసటి యేడు, జబ్బుపడిన ఆమె మనుమని ప్రక్కన ఒక రాత్రి కూర్చుండగా తానే చెప్పినది: "పోకుంటె ఊర్ల మమ్ముల ఎవరు కలుపుకుంటరు అయ్యగారూ?"

మొదటి జవాబు మా తెల్ల అంగీకి చెప్పినది, రెండవది మాకు.

పరాయి ఊరిలో పరిశోధకునికి భాష అడ్డము కావచ్చును. సొంతవారి నడుమ మా గురుత్వమే మాకు అడ్డమాయెను. ఈ శతాబ్ది సంవత్సరములో బాప్తిస్మపు పుస్తకముల లెక్క చూచుకొందము. ఆ పేర్లవారు ఊరిలో ఏమి పోగొట్టుకొని సంఘముగా నిలిచిరో, వారి గడపలో కూర్చుండి విందము.