ఎర్డిస్లీ రాతి తొట్టి: ఒకవైపు ఈటె, మరోవైపు చేయూత

ఇంగ్లండ్ పశ్చిమాన, వేల్స్ సరిహద్దుకు చేరువలో, హెరెఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఎర్డిస్లీ అనే గ్రామం ఉంది. అక్కడి మేరీ మగ్దలీనా చర్చిలో బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి సుమారు 1150 నాటిది. కింద సన్నని కాండం, పైన వెడల్పాటి గిన్నె, ఒళ్లంతా శిల్పం.

1086 నాటి డూమ్స్‌డే భూముల సర్వే ఎర్డిస్లీని అడవి నడుమ ఊరుగా, పటిష్ఠమైన రక్షణ ఉన్న ఇంటిని అందులోని విశేషంగా నమోదు చేసింది. తర్వాత ఇది బాస్కర్‌విల్ వంశీకుల చేతికి వచ్చింది. ఆ కాలంలోనే హ్యూ మార్టిమర్ అనే ప్రభువు వద్ద ఉద్యోగి అయిన ఆలివర్ డి మెర్లిమండ్ స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలాకు యాత్ర చేసి, సమీపంలోని షోబ్డన్‌లో చర్చి కట్టించాడు. అందులో ఫ్రాన్స్ చర్చిల శిల్ప ఛాయలు కనిపిస్తాయి. షోబ్డన్‌లోనూ, అదే ప్రాంతంలోని కిల్పెక్ చర్చిలోనూ పనిచేసిన శిల్పుల సంప్రదాయానికి చెందినదే ఈ తొట్టి.

దాని మీద కన్ను ఆగేది ఇద్దరు వీరుల దగ్గర. కోసుగా ఉన్న శిరస్త్రాణాలు, నిలువు గీతల దుస్తులు. ఒకరి చేతిలో ఈటె, మరొకరి చేతిలో కత్తి. ఈటె ఎదుటివాడి కాలిలో దిగబడింది. ఇది రాల్ఫ్ డి బాస్కర్‌విల్ తన మామగారైన క్లిఫర్డ్ ప్రభువుతో భూమి తగాదాలో తలపడి, ఆయనను చంపిన ఘట్టమని స్థానికుల నమ్మకం. ఆ ద్వంద్వయుద్ధం 1127లో జరిగిందంటారు. మంచీ చెడుల పోరుకు ఇది ప్రతీక అని చెప్పే పండితులూ ఉన్నారు.

అదే గిన్నె మీద మరో ఘట్టం చూడాలి. శిలువ మరణానికీ పునరుత్థానానికీ మధ్య క్రీస్తు పాతాళానికి దిగి, అక్కడి బందీలను విడిపించాడని క్రైస్తవ విశ్వాసం. ఇక్కడ క్రీస్తు శిలువ పట్టుకుని, ముడులు పడిన తీగల్లో చిక్కుకున్న మనిషిని మణికట్టు పట్టి పైకి లాగుతున్నాడు. ఒక పెద్ద సింహం కూడా ఉంది. పాత జీవితం నుంచి కొత్త జీవితానికి దాటించేదే బాప్తిస్మం. అందుకు వాడే గిన్నె మీద ఒక చేయి పొడుస్తుంటే, మరో చేయి లేవదీస్తోంది. పోరు నిజంగా ఆ మామా అల్లుళ్లదే అయితే, సొంత వంశపు పాపాన్ని క్షమాపణ పక్కనే నిలిపిన అపురూపమైన శిల్పం ఇది.

తర్వాతి శతాబ్దాలు ఇలాంటి తొట్టెలకు గడ్డుకాలం. 1645లో పార్లమెంటు తెచ్చిన ఆరాధన నియమావళి, పాత తొట్టెలుండే చోట బాప్తిస్మం ఇవ్వకూడదంది. చాలా ఊళ్లలో రాతి తొట్టెల స్థానంలో బేసిన్లు వచ్చాయి. ఆ కాలపు ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఎర్డిస్లీలోని బాస్కర్‌విల్ కోట కాలిపోయింది. ఎర్డిస్లీ తొట్టి మాత్రం నిలిచింది. షోబ్డన్‌లో అలా జరగలేదు: 1750లలో అక్కడి చర్చిని కూల్చి, దాని తోరణాలను ఉద్యానంలో అలంకారంగా నిలబెట్టారు. వానకూ గాలికీ ఆ శిల్పాలు అరిగిపోయాయి.

20వ శతాబ్దంలో జార్జ్ జార్నెకీ, తర్వాత మాల్కం థర్ల్‌బీ వంటి కళాచరిత్రకారులు హెరెఫర్డ్‌షైర్ శిల్పసంప్రదాయాన్ని లోతుగా పరిశీలించారు. ఈ కోవలో క్యాజిల్ ఫ్రోమ్ చర్చి తొట్టి కూడా పేరెన్నికగన్నది. దాని మీద క్రీస్తు బాప్తిస్మం చెక్కి ఉంది. షోబ్డన్‌లో చెరిగిపోయిన శిల్పుల పనితనాన్ని తెలుసుకోవడానికి, చర్చి కప్పు కింద భద్రంగా నిలిచిన ఈ తొట్టెలే నేడు గట్టి ఆధారాలు.