ఓనమాల భాషకు గొంతు నిచ్చినవారు

బాలునకు అక్షరాభ్యాసము చేయించు గురువు నిఘంటువును తెచ్చి వాని ఒడిలో పెట్టడు. పలకమీద ఓనమాలు దిద్దించును. కంప్యూటరునకు ఆజ్ఞ లిచ్చుట నేర్పదలచిన ఆచార్యులును ఈ మార్గమునే అనుసరించి, కొలది మాటలతో ముగియు చిన్న భాషలను నిర్మించిరి. కాని నేర్చుకొను పిల్లవాడు రెండు సంఖ్యలను కూడుటతో తృప్తి చెందడు. యంత్రముచేత పాట పాడింపవలెనని కోరును. భాష చిన్నదిగానే ఉండవలెను. పిల్లవాని కోరికయు తీరవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదిర్చినవారి చరిత్ర తెలిసికొనదగినది.

1964 మే 1వ తేదీ తెల్లవారుజామున అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు బేసిక్ భాషలో మొదటి ప్రోగ్రాములు నడచెను. దానిని నిర్మించినవారు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను గణితాచార్యులు. విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థికి సైతము కంప్యూటరు అందుబాటులోనికి రావలెనని వారి సంకల్పము. నాడు విద్యార్థి యెదుట నున్నది టెలిటైపు యంత్రము. అది అక్షరములు కొట్టును, గంట మ్రోగించును. అంతకు మించి దానికి నోరు లేదు. కనుక ఆ భాషకు సంగీతపు మాటలతో పనిలేకపోయెను.

తరువాత కంప్యూటరు ఇండ్లలోనికి వచ్చెను. 1982లో వెలువడిన కమొడోర్ 64 అను యంత్రములో బేసిక్ భాషయు, మూడు స్వరములను ఏకకాలమున పలికింపగల 'సిడ్' అను చిప్పును ఉండెను. వింత యేమన, ఆ చిప్పును పలికించుటకు ఆ భాషలో ప్రత్యేకమైన మాట యొక్కటియు లేదు. పిల్లవాడు 'పోక్' అను ఆజ్ఞతో, 54272 మొదలుకొని యున్న మెమొరీ స్థానములలో ఒక్కొక్క సంఖ్యను పెట్టవలసివచ్చెను. వీణ ఇంటనే ఉన్నది. మెట్లు మాత్రము అంకెల చాటున దాగియున్నవి.

ఈ కొరతను తీర్చినవారిలో డేవిడ్ సైమన్స్ అను ఆంగ్లేయుడు ఒకడు. 1983లో అతని వయస్సు 16 ఏండ్లు. అతడు వ్రాసిన 'సైమన్స్ బేసిక్' పాత భాషకు 114 ఆజ్ఞలను చేర్చెను. 'మ్యూజిక్', 'ప్లే' అనునవి వానిలోనివే. కమొడోర్ సంస్థయే దానిని కార్ట్రిడ్జిగా విక్రయించెను. ఆ యంత్రమునందు బేసిక్ ఒక్కొక్క ఆజ్ఞను చదువునపుడు, మెమొరీలో వ్రాసియున్న కొన్ని చిరునామాలను చూచి ముందునకు సాగును. ఆ చిరునామాలను మార్చినచో, క్రొత్త మాట వచ్చినపుడు దారి క్రొత్త ప్రోగ్రామువైపు తిరుగును. అనుబంధములు వ్రాయువారికి దొరికిన ద్వారము ఇదియే. అయితే దానికి వెల చెల్లింపవలెను. కార్ట్రిడ్జి పెట్టినంతనే, పిల్లవానికి మిగులు మెమొరీ 38,911 బైట్లనుండి 30,719 బైట్లకు తగ్గెను.

ఆంగ్లదేశపు రేడియో సంస్థయైన బి.బి.సి. మరియొక దారి త్రొక్కెను. 1981లో దాని పేర వెలువడిన బి.బి.సి. మైక్రో యంత్రమునందు 'సౌండ్', 'ఎన్వలప్' అను ఆజ్ఞలను భాషలోనే పొదిగిరి. 1984లో మన దేశమున పాఠశాలలకొరకు ప్రారంభమైన 'క్లాస్' పథకమునకు ఎన్నుకొన్నది ఈ యంత్రమునే. సౌకర్యము గొప్పదే, కాని 'ఎన్వలప్' అను ఒక్క మాట వెంట 14 సంఖ్యలను ఈయవలెను. ఓనమాల పుస్తకములో సంగీతశాస్త్రము చేరినచో కలుగు చిక్కు ఇట్టిది.

2008లో మైక్రోసాఫ్ట్ సంస్థలో విజయ్ రాజీ నిర్మించిన స్మాల్ బేసిక్ ఈ రెండు అనుభవములకును నడుమ నిలిచెను. దానిలోని ఆజ్ఞాపదములు 14 మాత్రమే. పాటను వినిపించుట, ఆపుట దానికి వచ్చును; ధ్వనిని తగ్గించుట, పాటలో నడుమకు పోవుట రాదు. కాని ఇతరులు ప్లగిన్లు వ్రాయుటకు నిర్మాత బుద్ధిపూర్వకముగా తలుపు తెరచియుంచెను. సీషార్ప్ వంటి పెద్ద భాషలో వ్రాసిన ప్లగిన్‌ను 'లిబ్' అను ఫోల్డరులో ఉంచినచో, దానిలోని మాటలు పిల్లవాని భాషలో కలిసిపోవును.

ఆ ప్లగిన్ వ్రాయువాని పని తేలికకాదు. స్మాల్ బేసిక్ ఎరిగినది అంకెయు అక్షరములును మాత్రమే. పాట పాడు పరికరమును అది చేతితో పట్టుకొనలేదు. కనుక దానికి ఒక పేరు పెట్టి, ఆ పేరును మాత్రము పిల్లవానికిచ్చి, పరికరమును తనయొద్ద దాచుకొనవలెను. లోపలి యంత్రాంగము ధ్వని తీవ్రతను 0 నుండి 1 వరకు కొలువగా, పిల్లవానికి 0 నుండి 100 వరకు చూపుట మేలు. అన్నిటికంటె కష్టమైనది కాలము. పిల్లవాని ప్రోగ్రాము వరుసగా ఒక్కొక్క పంక్తి నడచును. చలనచిత్రపు ఫైలు తన తీరికను బట్టి తెరచుకొనును. అది తెరచుకొనకముందే దాని నిడివి యెంతయని అడిగినచో సమాధానము రాదు. ఆ నిరీక్షణ భారమును ప్లగిన్ తానే మోసి, పిల్లవానికి సరియైన సంఖ్యను మాత్రము అందింపవలెను.

2019 జనవరిలో వెలువడిన స్క్రాచ్ 3.0 ఈ మార్గమును మరింత స్పష్టము చేసెను. అంతకుముందు భాషలోనే ఉన్న వాద్యముల దిమ్మెలను నిర్మాతలు అనుబంధముగా వేరుచేసిరి. కావలసిన బాలుడు ఒక్క మీట నొక్కి వానిని తెచ్చుకొనును.

అయినను ఇందొక ప్రమాదము కలదు. అనుబంధము పరుల యింటి గోడకు ఆనుకొని నిలచును. స్మాల్ బేసిక్‌కు ఇంటర్నెట్టులో నడచు రూపము వచ్చినపుడు, పాత ప్లగిన్లకు అందు చోటు దొరకలేదు. వానిపై ఆధారపడిన ప్రోగ్రాములు అక్కడ మూగవోయెను. కనుక భాషను నిర్మించువారు తలుపు తెరచుటతో తమ పని తీరినదని భావింపరాదు. ఇల్లు మార్చునపుడు ఆ తలుపును గూడ వెంట గొనిపోవలెను. తాను వ్రాసిన నాలుగు పంక్తులు పాటగా వినబడినపుడే ఆ పిల్లవానికి ఐదవ పంక్తి వ్రాయవలెనను ఉత్సాహము పుట్టును.